నొప్పి తగ్గిందంటే మోకాలు బాగైనట్టేనా?

ప్రతి ఏడాదీ స్పోర్ట్స్ మీట్ అయిపోయాక మన హాస్టల్ మెస్ క్యూలో నలుగురైదుగురు నీ క్యాప్‌లు తొడుక్కుని కనిపిస్తారు. ఒకరిద్దరు చంక కర్రలతో కూడా. వాళ్లని ఎవరు పలకరించినా అడిగేది ఒకటే: "ఎన్ని నెలలు పడుతుందంట మామా?" డాక్టర్ ఆరు అన్నాడనో తొమ్మిది అన్నాడనో జవాబు వస్తుంది. ఇక అందరం వేళ్ల మీద లెక్కేస్తాం, వచ్చే మీట్‌కి మనవాడు దొరుకుతాడా లేదా అని.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. దెబ్బ తిన్న శరీరాన్ని మళ్లీ పనిలోకి తెచ్చే క్రమాన్ని డాక్టర్లు రిహాబిలిటేషన్ అంటారు, మనం పొట్టిగా రిహాబ్ అందాం. కొందరికి రిహాబ్ ఎందుకు పని చేస్తుంది, కొందరికి ఎందుకు చెయ్యదు అని వెతుక్కుంటూ పోతే, "ఎన్ని నెలలు" అనేది సగం ప్రశ్నే అని తేలుతుంది. "ఇప్పుడు ఆ కాలు ఏం చేయగలుగుతోంది, ఎవరైనా కొలిచారా" అనేది రెండో సగం. మన దగ్గర ఆ రెండో సగాన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ.

అన్ని గాయాల గురించీ రాయబోతే ఏదీ సరిగ్గా చెప్పలేం. కాబట్టి ఒక్క గాయాన్నే పట్టుకుంటాను. మన వయసు ఆటగాళ్లని ఎక్కువగా భయపెట్టేది, మోకాల్లో ఏసీఎల్ తెగడం.

తెగింది ఏమిటి?

తొడ ఎముకనీ దాని కింది కాలి ఎముకనీ కలుపుతూ మోకాలి లోపల రెండు లిగమెంట్లు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. లిగమెంట్ అంటే ఎముకని ఎముకతో కట్టి ఉంచే గట్టి నార. ఆ రెండిట్లో ముందుది ఏసీఎల్. కాలి ఎముక ముందుకి జారకుండా, మోకాలు మెలి తిరిగిపోకుండా ఆపేది ఇదే. కబడ్డీలో రైడర్ పరుగులో ఉండగానే ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు, బాస్కెట్‌బాల్‌లో ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు, ఎదుటివాడి చెయ్యి కూడా తగలకుండానే ఇది తెగిపోతుంది. నిజానికి అలా ఎవరూ తగలకుండా తెగేవే ఎక్కువ. లోపల 'టప్'మని శబ్దం, కాసేపటికే కుండలా వాపు.

అసలు చిక్కు ఆ తర్వాతే. కొన్ని వారాలకి వాపు తీస్తుంది. నడవగలుగుతారు, మెట్లెక్కగలుగుతారు. తిన్నగా నడవడానికి ఏసీఎల్‌తో పెద్ద పని పడదు మరి. "నొప్పి లేదురా, బానే ఉంది" అనుకుని గ్రౌండ్‌లోకి దిగుతారు. మొదటి మలుపులోనే మోకాలు జారుతుంది. అలా జారిన ప్రతిసారీ లోపల మెత్తటి దిండులా ఉండే మెనిస్కస్ నలిగి చిరిగే ప్రమాదం ఉంది. ఆ దిండు పోయిన మోకాలు త్వరగా అరిగిపోతుంది. తాతయ్యలకి వచ్చే కీళ్ల నొప్పులు నడివయసు రాకుండానే పలకరిస్తాయి. ఇరవై ఏళ్లప్పుడు తీసుకునే ఒక తొందరపాటు నిర్ణయం వెనక ఇంత ఉంది.

ఆపరేషన్ చేస్తే తెగినదాన్ని మామూలుగా కుట్టరు. తొడ వెనక కండరాల టెండన్ నుంచో, మోకాలి చిప్ప కింది టెండన్ నుంచో కొంత ముక్క తీసి కొత్త తాడులా అమరుస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. అందరికీ ఆపరేషన్ తప్పనిసరి కూడా కాదు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకులతో జరిగిన ఒక ప్రయోగం 2010లో వెలువడింది. అందులో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి రిహాబ్ చేయించారు. మిగతా సగానికి ముందు రిహాబ్ చేయించి, అవసరం పడితేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత మోకాలి పరిస్థితిని అడిగి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో ఐదేళ్లయ్యేసరికి సుమారు సగం మంది ఆపరేషన్‌కి వెళ్లారు, సగం మందికి ఆ అవసరమే రాలేదు. ఎవరు ఏ సగంలో ఉంటారో చెప్పాల్సింది సర్జన్, మనం కాదు. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. రెండు గుంపులకీ ఉమ్మడిగా ఉన్నది రిహాబే. మన ఇళ్లలో మాత్రం ఆపరేషనే అసలు వైద్యం, రిహాబ్ ఏదో డిశ్చార్జి కాగితంతో పాటు ఊరికే ఇచ్చేది అన్నట్టు చూస్తారు.

కాంక్రీట్ కాదు, కాస్త వేరే

సివిల్ వాళ్లకి తెలిసిన సంగతే. స్లాబ్ పోశాక సెంటరింగ్ ఎప్పుడు తీయాలి? ఏడు రోజులు, ఇరవై ఎనిమిది రోజులు అని లెక్కలుంటాయి. దాంతో పాటు క్యూబ్ వేసి, నలగ్గొట్టి, బలం వచ్చిందో లేదో కూడా చూస్తారు. రోజులు నిండాయి కాబట్టి బలం వచ్చే ఉంటుందిలే అని ఎవరూ సంతకం పెట్టరు.

గ్రాఫ్ట్ అంతకంటే తిరకాసుది. కాంక్రీట్ బలం రోజురోజుకీ పెరుగుతూ పోతుంది. గ్రాఫ్ట్ బలం ముందు పడిపోయి, తర్వాత పెరుగుతుంది. లోపల పెట్టేటప్పుడు దానికి సొంత రక్తప్రసరణ ఉండదు. పాత కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు చొచ్చుకొచ్చి, కొత్త కణాలు చేరి, నార మళ్లీ అల్లుకోవాలి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇలా మారుతున్న కాలంలోనే, అంటే మొదటి కొన్ని నెలల్లోనే, గ్రాఫ్ట్ అన్నిటికంటే బలహీనంగా కనిపించింది. పూర్తిగా లిగమెంట్‌లా మారడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పేషెంట్ వైపు నుంచి చూస్తే అప్పటికే నొప్పి పోయి, నడక బాగై, "నాకేం కాలేదు" అనిపించే రోజులవి. లోపల తాడు బలహీనంగా ఉన్నప్పుడే బయట మనిషికి ధైర్యం వస్తుంది. నొప్పిని మీటర్‌గా నమ్ముకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇది విన్నాక "అయితే ఏడాది పాటు కాలు కదపకుండా ఉంటే సరి" అనిపిస్తుంది. అది ఇంకా పెద్ద పొరపాటు.

ట్రిప్ అయిన కండరం

ఆపరేషన్ అయిన మర్నాడు ఫిజియో వచ్చి "తొడ బిగించమ్మా" అంటారు. బిగించాలని ఎంత ప్రయత్నించినా తొడ ముందు కండరం పలకదు. కండరం ఎక్కడా తెగలేదు, నరానికీ ఏమీ కాలేదు. మోకాలిలో వాపు, దెబ్బ ఉన్నాయన్న సంకేతాలు వెన్నుపాముకి చేరగానే అక్కడి నుంచి ఈ కండరానికి వచ్చే ఆజ్ఞలు తగ్గిపోతాయి. షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ పడిపోయినట్టు. తేడా ఏమిటంటే, లోపం సరిచేశాక కూడా ఈ ఎంసీబీ దానంతటది పైకి లేవదు. చాలామందికి నెలల తరబడి సగమే లేచి ఉంటుంది.

అందుకే మొదటి రెండు మూడు వారాల పనులు చూడ్డానికి చాలా చిన్నవిగా, నిజం చెప్పాలంటే నవ్వొచ్చేలా ఉంటాయి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని మోకాలు పూర్తిగా చాపి ఉంచడం. మంచం మీద మడమని మెల్లగా వెనక్కి లాగడం. తొడ బిగించి ఐదంకెలు లెక్కపెట్టడం. కాలు తిన్నగా పైకెత్తడం. ఇందులో మొదటిది అన్నిటికంటే ముఖ్యం. మోకాలు పూర్తిగా చాచగలగడం ఆ వారాల్లో తిరిగి రాకపోతే తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. కుంటుతూ నడుస్తారు, తొడ కండరం ఇంకా చిక్కిపోతుంది, చిప్ప వెనక నొప్పి మొదలవుతుంది. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి అమ్మ ప్రేమగా దిండు పెడుతుంది. ఆ దిండు తీసేయాలి, పెడితే మడమ కింద పెట్టాలి.

"కాలు కదపకు నాన్నా, మంచినీళ్లు నేను తెచ్చిస్తాగా" అనే ప్రేమకి మన నేలలో వేళ్లున్నాయి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, కట్టు కట్టాక కదలకుండా పడుకోవడం. విరిగిన ఎముకకి కొన్నాళ్లు కదలిక ఆపడం అవసరమే, అది వేరే విషయం. కానీ ఎముక అతుక్కోవడం ఒక పని, ఆ కాలు మళ్లీ పని చేయడం ఇంకో పని. మొదటిది అయిపోతే రెండోది దానంతటదే వస్తుందని అనుకోవడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఇది మన పల్లెల సమస్య మాత్రమే అనుకోకండి. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు సూత్రాల్ని 'రైస్' పేరుతో 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, దశాబ్దాల తర్వాత తానే ఆ మాట సవరించుకున్నారు. ఐస్, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని రాశారు.

బరువే మందు

ఎముక తన మీద పడే బరువుని బట్టి తన లోపలి నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకమే రాశారు. కండరం, టెండన్, లిగమెంట్ కూడా తమ తమ పద్ధతిలో అంతే. కణాన్ని లాగితే, నొక్కితే, ఆ యాంత్రిక సంకేతం లోపల రసాయన సంకేతంగా మారి కొత్త పదార్థం తయారవుతుంది. మనం స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదివే ఉక్కు కడ్డీకి ఈ గుణం లేదు. దాన్ని రోజూ లాగితే అలసి విరుగుతుంది తప్ప లావెక్కదు. బతికున్న పదార్థం మాత్రం లాగితే లావెక్కుతుంది. తగినంత లాగి, తగినంత తెరిపి ఇస్తేనే సుమా. తెరిపి లేకపోతే అది కూడా ఉక్కులాగే అలసి చిట్లుతుంది. పి.వి. సింధు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన కొద్ది రోజులకే, ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని స్కాన్‌లో తేలి ప్రపంచ చాంపియన్‌షిప్‌కి దూరమయ్యారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే అదే. ఒక్క పెద్ద దెబ్బతో కాదు, మళ్లీ మళ్లీ పడే భారం మరమ్మత్తు వేగాన్ని దాటిపోవడం. తిరిగి అంతర్జాతీయ కోర్టులోకి ఆమె వచ్చింది 2023 జనవరిలో.

బరువుని మందులా వాడొచ్చని గట్టిగా చూపించిన మనిషి కథ నాకు చాలా ఇష్టం. థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ కుర్రాడు పదహారేళ్ల వయసులో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టాడు. లేచాక ఇనుప బరువులు ఎత్తి ఒళ్లు బాగుచేసుకున్నాడు. తర్వాత డాక్టరై, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో చేరాడు. వార్డుల నిండా మోకాలి గాయాల సైనికులు, ఎన్ని వారాలైనా మంచాలు ఖాళీ అవ్వడం లేదు. అప్పటి పద్ధతి ఏమిటంటే, తేలిక బరువుతో చాలాసార్లు చేయించడం. డెలోర్మ్ దాన్ని తిరగేశాడు. సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువు ఎంతో కనుక్కో, దాంతో పని చేయించు, వారం వారం మళ్లీ కొలిచి పెంచు. 1945లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని సులువు చేశాడు. పది పదిగా మూడు సెట్లు, మొదటిది ఆ బరువులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో. మన జిమ్‌లో ట్రైనర్ అన్న రోజూ అరిచే "పదేసి మూడు సెట్లు" అక్కడి నుంచి వచ్చిందే.

డెలోర్మ్ చెప్పిన దాంట్లో బరువు కంటే 'మళ్లీ కొలిచి పెంచు' అన్న మాట విలువైనది. మన వాళ్ల రిహాబ్ ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మొదటి రోజు ఇచ్చిన కాగితం మీది ఐదు వ్యాయామాలే మూడో నెలలోనూ చేస్తుంటారు. కాలు ఎత్తడం పదిసార్లు మొదటి వారంలో మందు, పన్నెండో వారంలో అది అలవాటు మాత్రమే. గోడకి ఆనుకుని కూర్చోవడం, మెట్టెక్కి దిగడం, లెగ్ ప్రెస్, ఒంటికాలి స్క్వాట్, ఆ తర్వాత పరుగు, గెంతు, దిశ మార్పు. వరసలో ఒక్కో మెట్టుకీ కిందటి దాన్ని సరిగ్గా చేయగలిగాడన్న రుజువు కావాలి.

మరి ఎంత పెంచాలి? ఇది ఈసీఈ, ఈఈఈ వాళ్ల ఫీడ్‌బ్యాక్ లూప్ లెక్కే. ఇన్‌పుట్ ఈరోజు వేసిన బరువు. సెన్సర్ రేపు పొద్దున్న మోకాలు. లేచేసరికి వాపు పెరగలేదు, బిగుసుకుపోలేదు, నొప్పి నిన్నటి స్థాయికే దిగిపోయింది అంటే ఆ మోతాదు పట్టింది, కాస్త పెంచొచ్చు. ఉబ్బింది అంటే ఎక్కువైంది, ఒక మెట్టు దిగాలి. వ్యాయామం చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి వస్తే భయపడి మానేయక్కర్లేదు, మర్నాటి వాపుని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. టేపుతో మోకాలి చుట్టుకొలత తీసి ఫోన్‌లో రాసుకునేవాడు మిగతావాళ్ల కంటే ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాడు. మన దగ్గర ఈ డేటా ఎక్సెల్‌లో పెట్టి గ్రాఫ్ గీసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని వెక్కిరించకండి.

పాస్ మార్కులు ఎవరు వేస్తారు?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆటలోకి ఎప్పుడు?

నార్వేలోని ఓస్లోలో ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లని రెండేళ్లు గమనించి 2016లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. ఎగిరి దిగడం, గిరుక్కున తిరగడం ఉండే ఆటల్లోకి తిరిగి వెళ్లినవాళ్లని రెండు రకాలుగా చూశారు. కండర బలం, గెంతు పరీక్షలు, మోకాలి గురించిన ప్రశ్నావళి, అన్నిట్లో 90 శాతం దాటి వెళ్లినవాళ్లు కొందరు. దాటకుండానే వెళ్లినవాళ్లు ఎక్కువమంది. దాటి వెళ్లినవాళ్లలో 5.6 శాతానికి మోకాలు మళ్లీ దెబ్బతింది. దాటకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతానికి. ఇంకోటి కూడా తేలింది. ఆటలోకి వెళ్లడాన్ని ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ, తొమ్మిదో నెల వరకూ, మళ్లీ గాయమయ్యే రేటు సుమారు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. తొమ్మిది దాటాక ఆ లాభం కనిపించలేదు.

స్టాటిస్టిక్స్ సార్ పక్కనుంటే వెంటనే శాంపిల్ ఎంత అని అడుగుతారు. సరైన ప్రశ్నే. పాసైనవాళ్లు 18 మందే, వాళ్లలో ఒకరికి దెబ్బ తగిలితే 5.6 శాతం అయింది. ఇద్దరికి తగిలుంటే రెట్టింపయ్యేది. కాబట్టి అంకెల్ని దశాంశాలతో సహా నమ్మక్కర్లేదు. కానీ ఖతార్‌లో ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన కూడా ఇదే దిక్కు చూపించింది. డిశ్చార్జి పరీక్షలన్నీ పూర్తి చెయ్యకుండా వెళ్లినవాళ్లకి గ్రాఫ్ట్ తెగే ప్రమాదం నాలుగు రెట్లు.

పరీక్షలు రాకెట్ సైన్స్ ఏమీ కాదు. ఒంటికాలి మీద ఒక గెంతు ఎంత దూరం, వరసగా మూడు గెంతులు ఎంత దూరం, గీతకి అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఆరు మీటర్లు ఒంటికాలి మీద గెంతడానికి ఎన్ని సెకన్లు. బాగున్న కాలితో ఒకసారి, ఆపరేషన్ కాలితో ఒకసారి. బాగున్న కాలు 150 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలు 135 అయితే 90 శాతం. దీన్ని లింబ్ సిమెట్రీ ఇండెక్స్ అంటారు. టేపు, స్టాప్‌వాచ్, సుద్దముక్క ఉంటే చాలు. కానీ ఎప్పుడు గెంతొచ్చో ఫిజియో చెప్పాకే, వాళ్ల ఎదుటే. ఇది చదివి నాలుగో నెలలో కారిడార్‌లో గెంతి చూసుకునేవాళ్లకి ఈ వ్యాసం హామీ ఇవ్వదు.

ఈ నిష్పత్తిలో ఒక మోసం ఉంది, ఇంజినీర్లం కాబట్టి చూడాల్సిందే. హారంలో ఉన్న 'బాగున్న కాలు' కూడా నెలల తరబడి ఖాళీగా కూర్చుంది. ఉదాహరణకి, గాయానికి ముందు ఆ కాలు లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ మీద 60 కిలోలు ఎత్తేది, ఇప్పుడు 50కి పడిపోయింది అనుకోండి. ఆపరేషన్ కాలు 46 ఎత్తుతోంది. 46 బై 50, అంటే 92 శాతం, పాస్! కానీ పాత 60తో పోల్చితే 77 శాతమే. అందుకే మంచి రిహాబ్‌లో రెండు కాళ్లకీ పని చెప్తారు, ఆపరేషన్‌కి ముందే బాగున్న కాలి బలం కొలిచి రాసిపెడతారు. ఇంకో మోసం, గెంతు దూరం. మోకాలు సరిగ్గా పని చేయకపోయినా తుంటి, మడమ సర్దుకుని దూరం తెచ్చేస్తాయి. దూరం ఒక్కటీ కాకుండా, దిగినప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతోందా, శబ్దం లేకుండా మెత్తగా దిగుతున్నాడా అని పక్కనుంచి చూసే కన్ను కావాలి.

కాలు సిద్ధం, మనిషి?

పరీక్షలన్నీ పాసై కూడా కోర్టు గీత దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. ఆపరేషన్ అయినవాళ్ల మీద వచ్చిన 69 పరిశోధనల్ని కలిపి 2014లో లెక్కగట్టారు. ఏదో ఒక ఆటలోకి తిరిగి వచ్చినవాళ్లు 81 శాతం. మునుపటి స్థాయికి చేరినవాళ్లు 65. పోటీ ఆటలోకి వెళ్లినవాళ్లు 55 మాత్రమే. మిగతావాళ్లందరి మోకాళ్లూ బాగాలేక కాదు. "మళ్లీ తెగితే?" అన్న ఆలోచన కూడా పెద్ద కారణం. దీన్ని పిరికితనం అని కొట్టిపారేయడం మన గ్రౌండ్ సంస్కృతి. వైద్యులు మాత్రం దీన్ని కూడా కొలుస్తున్నారు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో పన్నెండు ప్రశ్నల స్కేలు ఒకటి తయారుచేశారు. ఆడేటప్పుడు మోకాలి గురించే ఆలోచిస్తావా, మళ్లీ గాయమవుతుందని భయమా, ఇలాంటివి. స్కోరు తక్కువుంటే దానికీ వ్యాయామం లాంటిదే ఉంది. భయపెట్టే కదలికనే ముక్కలుగా చేసి, మెల్లగా, చాలాసార్లు, ఎవరూ అడ్డురాని చోట చేయించడం. ఆ తర్వాత ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి. ఆ తర్వాత ప్రాక్టీస్ మ్యాచ్.

పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా దెబ్బతింది. కెరీర్ అయిపోయిందనుకునేంత గాయం, ఆపరేషన్లు. జాతీయ సింగిల్స్ టైటిల్ మొదటిసారి గెలిచింది 1996లో. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001 మార్చిలో, ఫైనల్లో చెన్ హాంగ్ మీద 15-12, 15-6తో. గాయం నుంచి ఆ కప్పుకి ఏడేళ్లు. వార్తల్లో ఇలాంటి కథల్ని 'సంకల్పబలం' అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. నాకది నచ్చదు. ఏడేళ్లలో ఎన్ని వేల ఉదయాలు ఒకే వ్యాయామం విసుగ్గా చేయాల్సి వచ్చిందో ఆ మాటలో కనిపించదు. రిహాబ్‌లో మనిషిని ఓడించేది నొప్పి కంటే ఎక్కువగా విసుగే.

మన దగ్గర సంగతి

ఆపరేషన్‌కి ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేసి సర్దుతారు. ఆ తర్వాత ఆరునెలలు ఫిజియోకి సిట్టింగ్‌కి ఇంత అంటే "ఇంట్లో చేసుకోలేవా?" అంటారు. వాళ్ల తప్పు కాదు, డబ్బు నిజం. ఇటు మిడ్స్, ల్యాబ్‌లు, 75 శాతం అటెండెన్స్. చాలామంది రిహాబ్ రెండో నెలలోనే ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు, ఇదే.

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. రోజూ క్లినిక్‌కి వెళ్లకపోయినా ఫర్వాలేదు. నియమంగా చేసేవాళ్ల విషయంలో, అప్పుడప్పుడూ ఫిజియోకి చూపించుకుంటూ మిగతాది ఇంట్లో చేసుకున్నా ఫలితాలు పెద్దగా తీసిపోలేదని పరిశోధనల్లో కనిపించింది. అంటే తగ్గించుకోవాల్సింది సిట్టింగుల సంఖ్య, కొలతలు కాదు. రెండు మూడు వారాలకోసారి వెళ్లినప్పుడు కరెంట్ పెట్టించుకుని, వేడి కాపు పెట్టించుకుని వచ్చేస్తే ఆ డబ్బు దండగ. మొదట్లో తొడ కండరాన్ని మేల్కొలపడానికి కరెంట్ స్టిమ్యులేషన్ పనికొస్తుంది. నాలుగో నెలలో కూడా మంచం మీద పడుకోబెట్టి మెషిన్ పెట్టి వెళ్లిపోతున్నారంటే అది రిహాబ్ కాదు.

వెళ్లినప్పుడు అడగాల్సినవి ఇవి. సార్, ఇప్పుడు నేను ఏ దశలో ఉన్నాను? తర్వాతి దశకి వెళ్లడానికి ఏం చేయగలగాలి? కిందటిసారి కంటే బలం ఎంత పెరిగింది? ఈ వ్యాయామంలో బరువు ఎప్పుడు పెంచాలి? రేపు వాపొస్తే ఏం తగ్గించాలి? ఈ ఐదింటికీ జవాబు చెప్పగలిగే ఫిజియో దొరికితే, క్లినిక్‌లో ఏసీ లేకపోయినా అక్కడే ఉండిపోండి. "ఆరు నెలలైందిగా, ఆడేసుకో" అనే మాట ఎవరి నోట వచ్చినా, "ఏ పరీక్ష పెట్టి చెప్తున్నారు సార్" అని మర్యాదగానే అడగొచ్చు.

రూమ్మేట్లకీ ఇందులో పనుంది. ఒక్కడే రూమ్‌లో కాలెత్తుతూ కూర్చుంటే పది రోజుల్లో మానేస్తాడు. పక్కవాడు కూడా అదే టైమ్‌కి నాలుగు స్క్వాట్లు తీస్తే నెల సాగుతుంది. టీమ్‌లో ఉన్నవాళ్లు "మామా, ఒక్క ఓవర్ వెయ్యి చాలు" అనడం మానేసి, స్కోరింగ్‌కో అంపైరింగ్‌కో పిలిస్తే వాడు గ్రౌండ్‌కి దూరమవ్వడు, మోకాలికీ ముప్పుండదు.

ఆటలోకి వచ్చిన రోజుతో పని అయిపోదు కూడా. ఒకసారి ఏసీఎల్ తెగినవాళ్లకి, ముఖ్యంగా మన వయసువాళ్లకి, అదే కాలో రెండో కాలో మళ్లీ తెగే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఫుట్‌బాల్ వాళ్ల కోసం తయారైన 'ఫిఫా 11 ప్లస్' అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు, పరికరాలేవీ అక్కర్లేదు. పరుగు, బ్యాలెన్స్, తొడ వెనక కండరాలకి పని, ఎగిరి మెత్తగా దిగడం. నార్వేలో టీనేజ్ అమ్మాయిల జట్లతో చేసి 2008లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో, దీన్ని పాటించిన జట్లలో గాయాలు మొత్తంమీద సుమారు మూడోవంతు తక్కువ ఉన్నాయి. మన గ్రౌండ్‌లో సాయంత్రం ఐదున్నరకి బ్యాగులు విసిరేసి నేరుగా మ్యాచ్‌లోకి దిగే అలవాటుంది. ఆ ఇరవై నిమిషాలు తిరిగొచ్చినవాడొక్కడే పక్కన చేసుకోవాలా, జట్టంతా కలిసి చేయాలా అన్నది కెప్టెన్లు ఈ సీజన్ మొదలవకముందే తేల్చుకోవచ్చు.